ఆరు వేసుకోండమ్మా

"పదిహేను వద్దమ్మా. ఆరు వేసుకోండి."

పదకొండో మంచం మీది పెద్దాయన ఆ మాట అనేసరికి హెడ్ నర్సుకి ఒళ్లు మండింది.

ఆయన కాలి పుండుకి కట్టు కడుతూ, పక్కనున్న నర్సుతో తన రిటైర్మెంటు ముచ్చట చెప్పుకుంటోంది ఆవిడ. మధ్యలో ఈయనెవరు?

ఇంకో రెండు నెలల్లో ఉద్యోగం అయిపోతుంది. ముప్పై నాలుగేళ్లు నిలబడి చేసిన ఉద్యోగం. చేతికి నలభై లక్షలొస్తాయి. మా దగ్గర పెడితే ఏటా పదిహేను శాతానికి తగ్గదని పెట్టుబడుల కంపెనీ అతను చెప్పాడు. అంటే ఏడాదికి ఆరు లక్షలు. అసలు చెక్కుచెదరదు.

"ఇక ఇంటిపట్టునే ఉంటా. అక్కని నేనే చూసుకుంటా," అంటోంది.

తనని చదివించడం కోసం పెళ్లి మానుకున్న అక్క. పక్షవాతం వచ్చి మూడేళ్లుగా మంచంలో ఉంది.

"ఏ కంపెనీ అమ్మా?" అడిగాడు పెద్దాయన.

చెప్పింది.

ఆయన కాసేపు కిటికీ వైపు చూశాడు. "అక్కడైనా సరే, ఆరు శాతమే వేసుకోండి," అన్నాడు.

"మీరేమైనా లెక్కల మాస్టారా?" అంది ఎగతాళిగా.

ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ రోజు నుంచి వార్డంతా ఆయన్ని మాస్టారనే పిలిచింది. మాస్టార్ని చూడ్డానికి మాత్రం ఎవరూ వచ్చేవారు కాదు.

మర్నాడు కట్టు మార్చడానికి వెళ్తే, మందుల చీటీ వెనక లెక్క వేసి ఉంచాడు.

"ఒక ఏడాది ఇరవై వస్తుందమ్మా. ఇంకో ఏడాది ఉన్నదాన్లోనే పోతుంది. అన్నీ కలిపి చూస్తే ఆరు. ధరలేమో ఏటా ఐదు పెరుగుతాయి. మీరు అనుకున్నట్టు తీసుకుంటూ పోతే ఎనిమిదో ఏట అడుగంటుతుంది."

"అప్పటికి నాకు అరవై ఆరు," అంది ఆవిడ, తెలియకుండానే.

"మీ అమ్మగారు ఎన్నాళ్లు బతికారు?"

"తొంభై ఒకటి."

 ఆయన చీటీ ఆవిడ వైపు చాచాడు. మెల్లిగా అన్నాడు.

"నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పమంటున్నారని అన్నారుగా. ఒంటిపూట పనే కదా, ఒక్క ఐదేళ్లు చెప్పండి. అన్నాళ్లూ ఈ డబ్బు జోలికి పోకండి. తర్వాత మీకూ అక్కగారికీ నిశ్చింత."

"ఇంకో ఐదేళ్లా?" ఆవిడ గొంతు లేచింది. "నా కాళ్లు చూశారా? నరాలు తాళ్లలా ఎలా తేలాయో చూశారా? మీ నోట ఒక్క మంచి మాట రాదా, మాస్టారూ?"

చీటీ లాక్కుని, ఉండ చుట్టి, పాత కట్ల డబ్బాలో పడేసింది.



"తప్పుగా అనుకోకమ్మా," అన్నాడాయన.

ఆ తర్వాత ఆయన కట్టు వేరే నర్సుకి అప్పగించింది. అటుగా వెళ్లాల్సి వస్తే తల తిప్పుకుని వెళ్లేది. పది రోజులు గడిచాక ఓ ఉదయం ఆ మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది.

"మాస్టారు తెల్లవారుజామున పోయారు సిస్టర్."

"అయ్యో," అంది. పన్నెండో మంచం దగ్గరికి నడిచింది.

మొదటి ఏడాది అంతా అనుకున్నట్టే జరిగింది. చక్రాల కుర్చీ కొంది. సాయంత్రాలు అక్కని పార్కు చుట్టూ తిప్పేది. "ఇన్నాళ్లకి నా చెల్లెలు నాకు దొరికింది," అనేది అక్క, వచ్చీ రాని మాటల్తో.

రెండో ఏడు మార్కెట్ కూలింది. నాలుగో వంతు ఆవిరైంది. నెల ఖర్చులకి తీయక తప్పదు, తీస్తే తరుగుతోంది. నాలుగేళ్లు తిరిగేసరికి నలభైలో మిగిలింది పదమూడు.

నర్సింగ్ స్కూల్లో ఉద్యోగం ఎప్పుడో ఎవరికో వెళ్లిపోయింది.

అరవై రెండేళ్ల వయసులో ఓ చిన్న క్లినిక్‌లో చేరింది. పన్నెండు గంటల డ్యూటీ. పొద్దున్నే అక్కకి తినిపించి, చేతికందేలా నీళ్లు పెట్టి, బయట తాళం వేసి వెళ్లాలి.

"వెళ్లిరావే. నాకేం భయం?" అంటుంది అక్క. అంటూనే, పట్టుకున్న చెయ్యి వదలదు.

ఓ సెలవు రోజున ఆ కంపెనీకి వెళ్లింది. తిట్టాలనే వెళ్లింది. తీరా చూస్తే, అప్పుడు దర్జాగా మాట్లాడిన అతను నాలుగేళ్లకే ముసలివాడిలా అయిపోయి ఉన్నాడు. నోరు రాలేదు.

"మిగిలినవి ఎన్నాళ్లొస్తాయో చెప్పు బాబూ, చాలు," అంది.

అతను కాగితం తీసుకున్నాడు. "ఆరు శాతం వేసి చూస్తానమ్మా."



"ఆరా? బయట బోర్డు మీద పదిహేను అని ఉందిగా?"

"అది నేను రాయించింది." అతను తలెత్తలేదు. "ఈ కంపెనీ పెట్టినాయన ఎవరికైనా ఆరే వేసి చెప్పేవారు. జనం రావట్లేదని నేను పోట్లాడి ఆ బోర్డు పెట్టించాను. ఆ రోజే మెట్లు దిగి వెళ్లిపోయారు. రెండేళ్లు ఎక్కడున్నారో తెలీదు. చివరికి మీ పెద్దాసుపత్రి వాళ్లే ఫోన్ చేశారు, పోయారు, సంతకం పెట్టి తీసుకెళ్లమని."

ఆవిడ ముందుకు వంగింది. "ఏ... ఏ మంచం?"

"పదకొండో నంబరు అన్నారమ్మా," అన్నాడతను కళ్లు తుడుచుకుంటూ, "మా నాన్న."