గోడవార సోఫా

జూన్ తొమ్మిది. ఆ మధ్యాహ్నం బంగాళాదుంప వేపుడుతో కడుపు నిండా అన్నం తిన్న సంగతి కూడా పెద్దాయనకు బాగా గుర్తు. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి హాల్లో అల్లుడు సోఫాకు ఒక కొస పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“ఎటు తిప్పమంటావ్?” అని తన భార్యను అడిగాడు.

“ముందు ఆ గోడ దగ్గర్నుంచి లాగండి. గదంతా ఒక పక్కకి ఒరిగిపోయినట్టు లేదూ?” అంది కూతురు.

ఒరిగిపోయిన మాట నిజమే. సోఫా, చిన్న బల్ల, దీపం, ఆయన పడక్కుర్చీ అన్నీ పక్కింటి గోడనే అంటిపెట్టుకుని ఉన్నాయి. మిగతా సగం బోసిగా ఉంది. కూతురు ఇళ్లు అందంగా సర్దడంలో కొత్తగా కోర్సు చేసింది. తొలి ప్రయోగానికి తండ్రి హాలు దొరికింది.

“అక్కడే ఉండనీ అమ్మా. అటు పెడితే కిటికీలోంచి మొహం మీద ఎండ పడుతుంది.”

“కర్టెన్ వేస్తా.”

“నా నడుముకి ఆ గోడ ఆసరా.”

“సోఫాకి వీపుంది కదా నాన్నా, మళ్లీ గోడెందుకు? ఈ గోడకి టీవీ పెడదాం.”

ఆయన చప్పున ఆ గోడ వైపు చూశాడు.

భార్య పోయిన కొత్తలో ఆయనకు సాయంత్రాలు గడిచేవి కావు. వాచీలు బాగుచేసి బతికిన మనిషి కాబట్టి ఇంటి నిండా గడియారాలు. వాటి టిక్కుటిక్కు తప్ప పలకరించే దిక్కు లేదు. అలాంటి ఒక సాయంత్రం ఆ గోడలోంచి సన్నగా వేణువు వినిపించింది. పక్కింట్లో ఉండేది ఒక రిటైరైన నర్సు, ఒంటరి మనిషి. మెట్ల మీద ఆవిడ చేతిలో ఒకసారి సన్నటి, పొడవాటి గుడ్డసంచి కూడా చూశాడు. ఆ వారమే సోఫా గోడవారకు జరిగింది. గడియారాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆయనే ఆపాడు. సంగీతం మాట అటుంచి, ఆయనకు ఈల వేయడం కూడా రాదు. కానీ చీకటి పడే వేళకు గోడకు తల ఆనించి కూర్చుంటే, ఆ రోజుకు బతికినట్టుండేది.

ఎదురుపడితే “బాగున్నారా”, “బాగున్నానండీ”. అంతకు మించి ఇద్దరి మధ్యా మాటల్లేవు. పక్కింటావిడ సంగీతం కోసం గోడకు చెవి పెడుతున్నానని కన్నకూతురితో ఎలా చెప్పడం? చెప్పలేదు. సోఫా కిర్రుమంటూ కదిలిపోయింది. దాని వెనకే బల్ల, దీపం, కుర్చీ. వాటి చోటికి టీవీ వచ్చింది. సాయంత్రం దాకా ఇల్లంతా దడదడలే.

“ఇప్పుడు కూర్చో నాన్నా. ఎలా ఉంది?”

“బాగుంది. రైల్వే స్టేషన్లో బండి కోసం కూర్చున్నట్టుంది.”

అల్లుడికి నవ్వు ఆగలేదు. “నేను మీ పార్టీయే మామయ్యగారూ. కాకపోతే బయటికి చెప్పలేను.”

చీకటి పడింది. ఎవరో టీవీ పెట్టారు, ఆయన వెళ్లి ఆపేశాడు. కూతురు వంటింట్లో ఉండగా చప్పుడు కాకుండా గోడ దగ్గరికి చేరాడు. అవతల ఏమీ లేదు. ఇంకాస్త వంగాడు.

“నాన్నా, టీవీ వెనకాల ఏం చేస్తున్నావ్?”

“వైరు చూస్తున్నా.”

“చెవితోనా?”

దొరికిపోయాడు. ఇక తప్పక, తల దించుకుని, మొత్తం చెప్పేశాడు. కూతురు ఆటపట్టిస్తుందనుకున్నాడు. ఆమె మాత్రం ఆయన పక్కన చతికిలబడి, ఆయన చేతివేళ్లు నిమిరింది.

“ముందే చెప్తే గదిని నీ చెవిని బట్టి సర్దేదాన్ని కదా! ఇంట్లో మనిషికి ఎక్కడ హాయిగా ఉంటుందో అక్కణ్నుంచే మొదలుపెట్టాలని మా కోర్సులో మొట్టమొదటే చెప్పారు. అడగడం నేనే మర్చిపోయా.” తర్వాత భర్త వైపు తిరిగింది. “ఏవండీ, లేవండి. సోఫా మళ్లీ అటే.”

“నా నడుము సంగతి ఎవరికీ పట్టదన్నమాట,” అన్నాడు అల్లుడు, చొక్కా చేతులు మడుచుకుంటూ.

సోఫా గోడవారకు చేరింది. బోసిగా ఉన్న సగంలోకి టీవీ, రెండు కుర్చీలు, ఒక మొక్క వచ్చాయి. గది కుదుటపడింది. ముగ్గురూ గోడకు ఆనుకుని ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. వేణువు మాత్రం పలకలేదు.

“మధ్యాహ్నం నుంచి మనం చేసిన గోలకి ఆవిడకి కోపం వచ్చుంటుంది. ఆవిడ పడుకోకముందే వెళ్లి ఒక మాట చెప్పి రా నాన్నా.”

ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకున్నాడు.

“అద్దం పట్టుకోమంటారా మామయ్యగారూ?”

“నువ్వు ఊరుకో బాబూ.”

బెల్లు కొట్టగానే ఆవిడ తలుపు తీసింది. ఆవిడ భుజం మీదుగా హాలు కనిపించింది. అక్కడా సోఫా ఆ గోడకే ఆనించి ఉంది. ఓహో, ఆవిడ కూర్చుని వాయించేది అక్కడన్నమాట, అనుకున్నాడు.

“మా అమ్మాయి సామాన్లన్నీ అటూ ఇటూ జరిపిందండీ. మీకు చాలా ఇబ్బంది కలిగించాం.”

“అయ్యో, అదేం లేదండీ. ఒక్క రోజేగా.”

“లేదు లేదు. రేపట్నుంచి మా ఇంట్లోంచి ఒక్క చప్పుడు కూడా రాదు. పూచీ నాది.”

ఆవిడ మొహం చిన్నబోయింది.

“ఒక్కటి కూడానా?”

“ఒక్కటి కూడా.”

ఆవిడ రాత్రికి తలుపు మెల్లగా వేసుకుంటూ, ఆ సందులోంచి సిగ్గుపడుతూ అంది:

“మీరు వాయించే వేణువు మాత్రం మానకండి.”