దాని పేరేవిటి చెప్మా?

“నాన్నా ఫెలిక్సూ, ఆ ఇది ఇలా ఇవ్వరా!”

సీతారత్నం గారు చెయ్యి చాచి, వేళ్లు ఆడించారు.

నాలుగేళ్ల ఫెలిక్స్ ఆ వేళ్ల వంకే చూస్తున్నాడు.

“అదేరా, నీళ్లు తాగుతామే... దాని పేరేవిటి చెప్మా?”

“గ్లాసు!” వంటింట్లోంచి అరిచింది వాళ్లమ్మ ఫ్లోరా.

పొద్దుట్నుంచి ఇది పదోసారి. దువ్వెనా ‘ఇదే’. చెప్పూ ‘అదే’. అరటిపండైతే ‘పసుప్పచ్చది, తొక్క తీస్తామే, అది’. ఫ్లోరాకి ఒళ్లు మండిపోతోంది.

ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో పక్కింటి లక్ష్మీపతి గారి అక్కయ్య ఆవిడ. కంటి ఆపరేషన్ కోసం కాకినాడ నుంచి వచ్చారు. నర్సు ఫ్లోరాకి మధ్యాహ్నం డ్యూటీలు పడితే, పిల్లాణ్ణి తను చూసుకుంటానని అడక్కుండానే వచ్చారు. మొదట్లో ఫ్లోరా దేవుడికి స్తోత్రం కూడా చెప్పుకుంది.

ఫెలిక్స్‌కి ఇంకా మాటలు రాలేదు. చెవులు బాగానే ఉన్నాయన్నారు డాక్టర్లు. ఏం కావాలన్నా వేలితో చూపిస్తాడు. నాలుగు మాటలైనా వస్తేనే చేర్చుకుంటామంది స్కూలు. ఇక నెలే గడువు. ఆ దిగులుతో ఫ్లోరాకి అన్నం సయించడం లేదు.

మాటలు రాని పిల్లాడికి, మాటలు మరిచిపోయిన ఆవిడ తోడు. భలే కుదిరింది!

“నువ్వు చెప్పకమ్మా,” అన్నారు సీతారత్నం గారు. “కాసేపు ఆగితే అదే వస్తుంది.”

“ఎప్పుడొస్తుందండీ? నాకవతల డ్యూటీకి టైమైపోతోంది!”

“వస్తుంది. నువ్వే తొందరపడుతున్నావు.”

ఫ్లోరా గరిటె పడేసి బయటికొచ్చింది.

“ఏమనుకోకండి ఆంటీ. రేపట్నుంచి మీరు రావద్దు. అసలే వీడికి మాటల్లేవు. మీ దగ్గరుంటే ఇదీ అదీ అనడమే నేర్చుకుంటాడు.”

ఆవిడ ముఖం చిన్నబోయింది. ఏదో చెప్పబోయారు. వినే ఓపిక ఫ్లోరాకి లేదు.

ఆవిడ ఫెలిక్స్ తల నిమిరి వెళ్లిపోయారు.

మర్నాటి నుంచి ఇంట్లో పనిచేసే దీదీ చూసుకుంది వాణ్ణి.

మూడో రోజు ఫ్లోరాకి సెలవు. ఫెలిక్స్ పొద్దుట్నుంచీ గుమ్మం దగ్గరే కూర్చున్నాడు. బుజ్జగించినా కదల్లేదు, కసిరినా కదల్లేదు. ఫ్లోరా విసుగెత్తి, పాలగిన్నె అందుకుంది.

కాసేపటికి వాడే లేచాడు. బల్ల మీది గ్లాసు తీసుకుని, పక్కింటి వైపు చాచాడు.

“గ్లాసు.”

ఫ్లోరా చేతిలోంచి గిన్నె జారింది.

“గ్లాసు!” సీతారత్నం గారికి వినపడలేదనుకున్నాడేమో, ఈసారి గట్టిగా అరిచాడు.

ఫ్లోరా వాణ్ణి చంకనేసుకుని పక్కింటికి పరుగెత్తింది.

“అక్కయ్యా? నిన్నే రైలెక్కించానమ్మా,” అన్నారు లక్ష్మీపతి గారు. “ఇంకో నెల ఉంటానంది. మరెందుకో ఉన్నట్టుండి బయల్దేరింది.”

“మావాడు మాట్లాడాడండీ!” ఫ్లోరాకి ఏడుపాగలేదు. “ఆంటీకి ఎప్పుడూ గుర్తురాదే, ఆ మాటే అన్నాడు!”

“అక్కయ్యకి గుర్తురాకపోవడమా?” ఆయన తెల్లబోయారు. “ముప్ఫై ఏళ్లు మాటలు రాని పిల్లల బళ్లో టీచరమ్మా, మా అక్కయ్య!”