పదకొండో మంచం దుబాసీ

“పదకొండో మంచం పన్నెండింటికి డిశ్చార్జ్ రాయండి సిస్టర్. గ్యాస్ నొప్పే,” అన్నాడు డాక్టర్ ప్రేమ్‌రాజ్, కేస్ షీటు మూస్తూ.

“అడగకుండనే ఎట్ల తెలిసింది సార్?” అంది మజీదా.

వార్డులో ఆయమ్మలు డాక్టర్లను ప్రశ్నలడగరు. మజీదా సంగతి వేరు. మొఘల్‌పురా నుంచి ఇరవై ఏళ్లుగా ఈ సర్కారు దవాఖానకు డ్యూటీకి వస్తోంది. ఆమె కళ్ల ముందు చెయ్యి తిరిగిన డాక్టర్లు ఎందరో. చీపురు గోడకు ఆనించి మంచానికి అడ్డంగా నిలబడింది.

“ఏమని అడగాలె? పలకదు కదా.”

“తెలుగు రాదు సార్. గోండామె. ఆసిఫాబాద్ అవతల అడవిల ఊరు. నాకు వాళ్ల భాష వస్తది. మీరు అడుగుండ్రి, నేను చెప్త.”

ప్రేమ్‌రాజ్ గడియారం చూసుకున్నాడు. ఇంకా ముప్పై మంచాలున్నాయి. “నీకు గోండి ఎట్లొచ్చు?”

“మా ఆయన ఉట్నూర్ సంతల గాజులు అమ్మేటోడు సార్. వెంట తిరిగి తిరిగి వచ్చింది.”

నర్సు షారోన్ ఏదో రాసుకుంటున్నట్టు తల వంచేసింది.

మంచం మీద కొడప మారుబాయి మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుని ఉంది. నలభై దాటలేదు. నుదుట పచ్చబొట్టు, కళ్లు మాత్రం పసుపు ముద్దలు. ఛత్రినాకలో కూలి చేసుకునే మరిది ఇంట్లో దిగి, నిన్న పొద్దున ఓపీ లైనులో నిలబడి అక్కడే పడిపోతే మంచమెక్కించారు. ఇదే నొప్పితో ఆమె అన్న పోయాడు, చెల్లెలు పోయింది. ఈసారి కూడా గోలీలిచ్చి బస్సెక్కిస్తే ఇక తన వంతేనని ఆమెకు గట్టి భయం; పొద్దున మజీదాకు అంతా చెప్పుకుంది.

“నొప్పి ఎక్కడుందో అడుగు,” అన్నాడు ప్రేమ్‌రాజ్.

మజీదా వంగి మారుబాయి చెవిలో గుసగుసలాడింది. మారుబాయి కళ్లు మూసుకుని గోండిలో రెండు ముక్కలు అంది.

“మోకాళ్లల్ల, నడుముల, ఎడమ డొక్కల సార్. చిన్నప్పటి సంది ఉన్నదట. చలికాలం వచ్చినా జరమొచ్చినా ఇంకింత ఎక్కువైతదట. బొక్కల్ల సూదులు గుచ్చినట్టుంటదట. నొప్పి వచ్చినప్పుడల్ల కండ్లు గిట్ల పసుపు పచ్చగైతయట.”

“ఆమె రెండు ముక్కలంటే నువ్వు ఇంత చెప్తున్నవేంది?”

“వాళ్ల భాష గట్లనే సార్, పొట్టిగుంటది.”

ప్రేమ్‌రాజ్‌కు నవ్వొచ్చింది. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. రౌండ్లలో ఆయన కూర్చోవడం షారోన్ ఎప్పుడూ చూడలేదు. మధ్యలో మనిషిని పెట్టుకుని పేషెంటుతో మాట్లాడటం ఆయనకు కొత్త. కొత్త పని కాబట్టి శ్రద్ధగా చేస్తున్నాడు.

“ఇంట్ల ఇంకెవరికన్నా ఉందా ఇట్ల?”

మళ్లీ గుసగుస. ఈసారి మారుబాయి చాలాసేపు మాట్లాడింది. ప్రేమ్‌రాజ్ ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అర్థం కాని భాషకు అడ్డు రావడం ఎవరి తరం?

“అన్న ఇరవై రెండేండ్లకు పోయిండట, చెల్లె పదిహేడుకే. ఇద్దరికీ గిదే నొప్పి, గివే కండ్లు. దేవుడు కోపం చేసిండని ఊళ్లె అన్నరట. ఈమె మాత్రం ఇది రోగమే, నెత్తురు పరీక్ష చెయ్యిండ్రి అంటున్నది.”

“పరీక్ష సంగతి ఈమెకేం తెలుసు? అడవిల ఉండేటోళ్లు పసర్లు తాగి తాగి, ఆఖరుకు మన దగ్గరికి వస్తరు. ఎన్ని రోజులు తాగిందో అడుగు.”

మారుబాయి ముఖం గోడవైపు తిప్పుకుంది. మజీదా ఆ ప్రశ్న అడగలేదు. దిండు కింద నుంచి మడతలు పడిన మూడు చీటీలు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఒకటి మండలం దవాఖానది, ఒకటి జిల్లా దవాఖానది, మూడోది నెల కిందట ఇక్కడి ఓపీలోనే రాసింది. మూడింటి మీదా ఒకటే ముచ్చట: గ్యాస్, నీరసం, గోలీలు.

“మూడుసార్లు చూపించుకుంది కదా, ఈ సంగతులేవీ చెప్పలేదా?”

“చెప్పింది సార్. మూడు చోట్ల మొత్తం చెప్పింది.”

“మరి ఒక్కరూ రాసుకోలేదేంది?” ప్రేమ్‌రాజ్ చీటీలు తిరగేసి చూశాడు. “భాష అర్థం కాకపోయుంటది.”

“అయ్యుంటది సార్,” అంది మజీదా. లోపల ఒళ్లు మండిపోతోంది. కానీ ముందు పని కావాలి.

ప్రేమ్‌రాజ్ మారుబాయి కింది కనురెప్ప లాగి చూశాడు, డొక్క నొక్కి చూశాడు. “సిస్టర్, డిశ్చార్జ్ ఆపండి. సికిల్ సెల్ పరీక్షకు నెత్తురు పంపండి, అర్జంటని రాయండి. సెలైన్ పెట్టి, నొప్పికి ఇంజెక్షన్ ఇవ్వండి.”

“హో గయా, పనైంది,” అని తనలో తాను అనుకుని మజీదా చీపురు అందుకుంది. మూడు గంటల దాకా ఆమె ఆ వార్డు తప్ప ఇంకో వార్డు ఊడ్చలేదు.

మూడింటికి రిపోర్టు వచ్చింది. సికిల్ సెల్ జబ్బే. దాన్ని ప్రేమ్‌రాజ్ స్వయంగా పట్టుకొచ్చాడు. మంచం పక్కన నిలబడి, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు గొంతు పెంచి ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

“నీకు... నెత్తురుల... జబ్బు. మందు... ఉన్నది. రోజు... వేసుకోవాలె. ఏం భయం లేదు.”

మారుబాయి కళ్ల వెంట నీళ్లు జారాయి. మజీదా వంగి చెవిలో ఏదో అంటే తలూపింది.

“చూసినవా మజీదా,” అన్నాడు ప్రేమ్‌రాజ్. “మూడు దవాఖానల్ల ఒక్కరికన్నా ఈమె భాష వచ్చుంటే ఇంత దూరం రాకపోతుండె. పాపం, చెప్పుకుందామంటే నోట్ల తెలుగు ముక్క లేదు.”

“మస్తు కరెక్టుగ చెప్పిండ్రు సార్,” అంది మజీదా, నవ్వకుండా.

ఆయన నిజంగానే బాధపడుతూ పన్నెండో మంచం వైపు నడిచాడు.

మారుబాయి వాళ్ల ఊరి బడిలో తెలుగు టీచరు.