మొగుడి వాటా

వీధి మలుపు తిరగగానే ఆమె పరుగు అందుకుంది. పడవ రేవుకి వచ్చేసిందట. మొగుడి కంటే ముందే వాటా తన చేతిలో పడాలి. ఆయనగారికి అందిందంటే అది నేరుగా సారా కొట్టుకి నడిచిపోతుంది. సాయంత్రంలోగా అద్దె కట్టకపోతే సామాన్లు వీధిలో పడేస్తానని ఇంటావిడ తెగేసి చెప్పింది మరి.

ఐసు షెడ్డులో, చేపలు తూచే బల్ల దగ్గర ముగ్గురే ఉన్నారు. పడవ సొంతదారైన సరంగు, వల సొంతదారైన ముసలాయన, ఇంజిను నడిపేవాడు. ఆమె మొగుడు లేడు. ఇంకా పడవలోనే ఏదో సర్దుతున్నట్టున్నాడు.

హమ్మయ్య అనుకుంది.

"నువ్వెందుకొచ్చావమ్మా? మేమే మీ ఇంటికి వద్దామనుకుంటున్నాం" అన్నాడు సరంగు.

"వచ్చి ఆయన చేతిలో పెడదామనా? నా దగ్గర ఆ పప్పులేం ఉడకవు. నా కళ్లెదుటే పంచండి!"

సరంగు చేపలమ్మిన డబ్బు తీసి బల్లమీద పెట్టాడు. వాళ్ల పంపకం ఎప్పుడూ ఒకటే. పడవకి మూడు వాటాలు, వలకి రెండు, పడవెక్కిన ప్రతి మనిషికీ ఒకటి. పద్దెనిమిది వేలు తొమ్మిది కుప్పలయ్యాయి. కుప్పకి రెండు వేలు. సరిగ్గా అద్దెకి సరిపోతుంది. ఆమె ఊపిరి బిగబట్టి చూస్తోంది.

"ఆగన్నా! ఈ పంపకానికి నేనొప్పుకోను" అన్నాడు ఇంజినువాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. తన మొగుడంటేనే వాడికి పడదు. పోయినసారి, వల లాగే వేళ నిద్రపోయాడని గొడవపెట్టి వాటా సగానికి కోయించింది వాడే.

"ఏవయ్యా, మళ్లీ నా పిల్లల నోటి దగ్గర కూడు లాక్కుంటావా? ఈసారి ఒక్క పైసా తగ్గినా ఊరుకునేది లేదు!"

వాడు తలెత్తలేదు. తన కుప్పని ఆమె వైపు తోశాడు. ముసలాయన తన వాటా, వల వాటాలూ తోశాడు. ఆ వెనకే సరంగు కూడా. బల్లమీది డబ్బంతా ఆమె ముందుకొచ్చేసింది.

ఆమె బిత్తరపోయింది. ఇదంతా తన మొగుడు నేర్పిన వేళాకోళమే అయ్యుంటుంది. ఈపాటికి ఏ తలుపు చాటునో నిలబడి ముసిముసిగా నవ్వుకుంటూ ఉంటాడు.

"చాల్లెండి సంబడం! మా లెక్క మాకిస్తే అదే పదివేలు."

రెండు వేలు మాత్రం ఏరుకుని గుప్పిట్లో బిగించింది. ప్రాణం కుదుటపడింది. గబగబా గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"ఆయనొచ్చి అడిగితే, నేను పట్టుకుపోయానని చెప్పకండేం!"

"రాత్రి అన్నని అల లాక్కుపోయింది వదినా, తెల్లారేదాకా వెతికాం... దొరకలేదు" అన్నాడు ఇంజినువాడు.