సున్నా పాయింట్ తర్వాత

“రావయ్యా తుకారాం. సూదికి ఇంత భయపడితే ఎలాగ? చీమ కుట్టినట్టుంటుంది, అంతే.”

కార్ఖానా బస్తీలో ఉదయం ఏడింటికి పక్కింటి గేటు ముందు స్కూటర్ ఆపి నరసరాజు పిలుస్తున్నాడు. తుకారాం చొక్కా గుండీలు పెట్టుకుంటూ, చెప్పులు వెతుక్కుంటూ, ఎంత ఆలస్యం చేయొచ్చో అంతా చేస్తున్నాడు.

“జెర ఆగుండ్రి రాజుగారూ. పొద్దుగాల్నుంచి పరేషాన్‌గ ఉన్నది.”

“నాకు మాత్రం లేదా ఏంటి? వచ్చానా లేదా? ఎక్కు.”

మూణ్ణెల్లకోసారి ఇదే తంతు. నరసరాజుకు ప్రొస్టేట్ క్యాన్సర్ అని రేడియేషన్ ఇచ్చి రెండేళ్లు దాటింది. జబ్బు పోయిందా అంటే డాక్టరు పోయిందనీ అనడు, ఉందనీ అనడు. మూడు నెలలకోసారి రక్తం చూపించుకోండి, పీఎస్ఏ నంబరు కిందనే ఉంటే బాగున్నట్టు, అంటాడు. అది మరీ చిన్న నంబరు. సున్నా పెట్టి, పాయింట్ పెట్టి, ఆ తర్వాత ఒక్క అంకె. ఆ ఒక్క అంకె కోసం మనిషి మూడు నెలలు ఎదురుచూడాలి.

మొదట్లో ఆ అంకె మూడు నుంచి ఐదుకు పోయింది. రేడియేషన్ తర్వాత అలా ఊగడం మామూలేనని డాక్టరు చెప్పినా నరసరాజుకు గుండె జారిపోయింది. ఇక పరీక్షకు రానుగాక రానన్నాడు. చూడకపోతే నంబరే ఉండదు కదా అని వాదించాడు. రాణీగంజ్‌లో ముప్పై ఏళ్లు మోటార్లు అమ్మినవాడు, మోతలో కాస్త తేడా వస్తే విప్పి చూడమనేవాడు, తన ఒంటి దగ్గరికి వచ్చేసరికి చెవులు మూసుకున్నాడు. భార్య సుబ్బులు బతిమాలింది, అలిగింది, రెండు రోజులు పప్పులో ఉప్పు వేయడం మానేసింది. ఊహూ, కదిలితేనా.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం తుకారాం మేడ మీదికి వచ్చి పక్కన కూర్చున్నాడు. రెజిమెంటల్ బజార్‌లో మిలిటరీ వాళ్ల యూనిఫారాలు కుట్టే దర్జీ ఆయన. నలుగురిని నవ్వించే మనిషి, ఆ రోజు తల ఎత్తలేదు.

“రాజుగారూ, నాకు సుత గదే వచ్చింది. ఇప్పుడైతే కోసుడు గిట్ల ఏం వద్దట. ఉత్తగ రక్తం చూపించుకుంట ఉండుమన్నరు. ఇంట్ల మా లచ్చమ్మకు తెల్వది, ఎవ్వరికీ చెప్పకుండ్రి. ఒక్కణ్ణే పోవాల్నంటే కాళ్లు వణుకుతున్నయి.”

నరసరాజు చప్పున ఆయన చెయ్యి పట్టుకున్నాడు. “నేనున్నాను కదయ్యా.”

మర్నాడే స్కూటర్ ఎక్కించుకుని తీసుకుపోయాడు. నొప్పి ఉండదని చూపించడానికి ముందు తన చెయ్యే చాపాడు. అప్పటి నుంచి ఒక్కసారీ తప్పలేదు. తాను మానేస్తే తుకారాం మానేస్తాడు మరి.

రిపోర్టులు సాయంత్రం తుకారామే తెచ్చేవాడు, ల్యాబ్ ఆయన కొట్టుకు దగ్గర. నరసరాజు కవరు నరసరాజుకు ఇచ్చి, తనది లచ్చమ్మ కంట పడకుండా దారిలోనే చింపేశానని, నంబరు మాత్రం నోటితో చెప్పేవాడు.

“మీకెంత?”

“సున్నా పాయింట్ ఐదు.”

“నాకు ఏడు.”

ఎప్పుడు చూసినా ఆయనకే ఓ పిసరు ఎక్కువ. ఏడున్న మనిషి మటన్ తిని, పాన్ వేసుకుని తిరుగుతుంటే ఐదున్నవాడికి బెంగెందుకు? ఆ సాయంత్రమంతా నరసరాజు ఆయనకు ధైర్యం చెప్పేవాడు, చెప్పీ చెప్పీ తన సంగతి మరిచిపోయేవాడు. కంటినిండా నిద్రపోయేవాడు.

కిందటిసారి మాత్రం తనది ఏడు, తుకారాంది తొమ్మిది. అందుకే ఇవాళ ఇద్దరికీ గుబులే.

ల్యాబ్‌లో అలవాటు ప్రకారం ముందు నరసరాజు రక్తం ఇచ్చి, “సూది చూడకు, ఫ్యాను చూడు” అని తుకారాంను తెర వెనక్కి పంపించాడు. తర్వాత ఛాయ్ తాగుతుంటే తుకారాం అడిగాడు.

“పెరిగితే ఎట్ల రాజుగారూ?”

“పెరిగితే డాక్టరున్నాడు. తగ్గితే జిలేబీ ఉంది. ఈలోగా మనం బతకాలి కదయ్యా. నీ పిరికితనం చూస్తే నువ్వు కుట్టిన యూనిఫారాలు సిగ్గుపడతాయి.”

తుకారాం పడీపడీ నవ్వాడు.

సాయంత్రం ఆయన ఫోన్ చేశాడు. “కర్నల్ సాబ్ ట్రయల్‌కు వచ్చి కూసున్నడు. రిపోర్టులు రేపు తెస్తా, మీరెందుకు తక్లీఫ్ పడుడు.”

నరసరాజుకు కాలు నిలవలేదు. మొదటిసారి తానే బయల్దేరాడు. కౌంటర్లో లాస్య అనే అమ్మాయి కవరు ఇచ్చింది. విప్పితే సున్నా పాయింట్ నాలుగు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. నాలుగే.

ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే దిగులూ వచ్చింది. తుకారాంది పెరిగి ఉంటే? తనది తగ్గిందని ఏ మొహం పెట్టుకుని చెప్పడం? చెడు కబురైతే మెల్లగా చెప్పడానికి తానుండాలి కదా.

“మా తుకారాంది కూడా ఇవ్వమ్మా. తమ్ముడిలాంటివాడు, ఇద్దరం కలిసే వస్తాం.”

“చూస్తనే ఉంట కద సార్,” అని ఆ అమ్మాయి రెండో కవరు ఇచ్చింది.

విప్పాడు. కాగితం మధ్యలో లావుగా ఒకటే అంకె. తొంభై ఎనిమిది. సున్నా లేదు, పాయింటూ లేదు. పేరు చూశాడు, తుకారాం పేరే. బెంచీ పట్టుకుని కూలబడ్డాడు. పొద్దున పడీపడీ నవ్విన మనిషి. లచ్చమ్మకు ఎవరు చెప్పాలి?

“అమ్మా,” అన్నాడు, కాగితం చాపి. “తొంభై ఎనిమిదంటే… ఇంకెన్నాళ్లు?”

లాస్య కాగితం తీసుకుని చూసింది, ఆయన మొహం చూసింది.

“ఏందీ సార్, మంచిగనే ఉంది కద,” అంది.

“ఆ అంకుల్ ఎప్పుడూ షుగర్ టెస్టే చేయించుకుంటరు.”