ఎనభై దాటితే వద్దు

క్రిప్టో కాయిన్ కొనేముందు ఆయన చేయాల్సిన పనులు గోడమీద అంటించి ఉన్నాయి. ఒకటి: ముఖం కడుక్కోవాలి. రెండు: ఎంత పోతే బయటికి వచ్చేయాలో ముందే రాసుకోవాలి. మూడు: రాసినదాన్ని కొట్టేయకూడదు. నాలుగు: నర్సుకి చెయ్యి ఇవ్వాలి. నాడి ఎనభై దాటితే ఆ పూట కొనడం లేదు.

నర్సు అంటే ఆయన భార్యే. ఆయన ఎలక్ట్రీషియన్. ఊరందరి ఇళ్లలో ఫ్యూజులు వేసే మనిషి, తన దగ్గరికొచ్చేసరికి ఫ్యూజు పీకి తీగ చుట్టేసే రకం. మొదటి మూడూ ఒక్కనాడూ పాటించలేదు. అందుకే నాలుగోది ఆవిడ కలిపింది.

"తొందరగా చూడవోయ్, లేస్తోంది!" ఫోను ఊపాడు. "నీ ఖాతాలో ఉన్న కోర్సు ఫీజు ఇటు పంపావంటే మధ్యాహ్నానికి ఒకటిన్నర రెట్లు. సాయంత్రం గడువులోపు కట్టేద్దాం."

పై చదువు కోసం మూడేళ్లు నైట్ డ్యూటీలు చేసి దాచుకున్న డబ్బు. ఆవిడ గడియారం చూస్తూ మణికట్టు పట్టుకుంది.

"తొంభై ఆరు. వద్దు."

మంచినీళ్లు తాగొచ్చాడు. "తొంభై నాలుగు." నేలమీద వెల్లకిలా పడుకుని వంద నుంచి వెనక్కి లెక్కపెట్టాడు.

"నూట రెండు."

"పడుకుంటే పెరుగుతుందా? ఎక్కడైనా ఉందా?"

"మీకు పెరిగింది మరి."

వంటింట్లోంచి ఆయన తల్లి తొంగిచూసింది. "పెళ్లిలో కూడా ఇంతసేపు చెయ్యి పట్టుకోలేదు కదరా!"

పదకొండింటికి ధర ఉన్నట్టుండి కుప్పకూలింది. సగమైంది. కాసేపటికి ఆ సగంలో సగమైంది. ఆయన ఫోను బోర్లా పెట్టేశాడు.

"నీ వేళ్లు కడిగిన నీళ్లు నెత్తిన చల్లుకోవాలోయ్! నీ చదువు దక్కింది" అన్నాడు చివరికి. "ఇంతకీ నిజంగా నూట రెండు కొట్టుకుందా?"

"డెబ్బై రెండు" అంది చెప్పులేసుకుంటూ. "పొద్దుట్నుంచీ డెబ్బై రెండే."

"మరి అబద్ధమెందుకు చెప్పావు? పడిపోతుందని నీకు ముందే తెలుసా?"

"కాయిన్ల సంగతి నాకేం తెలుసండీ!" నవ్వేసి డ్యూటీకి వెళ్లిపోయింది.

ఎప్పుడైనా మీ వేలు ఆ కొనే బటన్ మీదికి వెళ్తే, ఈ నర్సమ్మను ఒక్కసారి గుర్తు చేసుకోండి: ఫీజు ఆవిడ ముందురోజే కట్టేసింది.