నీలం స్ట్రాపు

చిన్న కోడలి ఏడో కంప్యూటరు కూడా వెలిగింది. షాపులో చప్పట్లు. పెద్ద కోడలి ముఖంలో రంగు మారింది.

ఇంకా మూడు మిగిలాయి. అవీ వెలిగాయి. పదికి పది.

"చూశావా పెద్దమ్మాయ్," అన్నాడు మావగారు, కళ్ళజోడు తుడుచుకుంటూ. "ఈ పిల్ల చెయ్యి పడితే మెషీను మారు మాట్లాడదు."

పెద్ద కోడలు నవ్వింది. అలా నవ్వడానికి ఎంత ఓపిక కావాలో తోడికోడలు ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

పదిహేనేళ్ళుగా ఆ షాపులో కంప్యూటర్లు బిగిస్తున్నది తను. చిన్నది వచ్చి ఇంకా ఏడాది కాలేదు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా! "చిన్నమ్మాయి బిగించింది ఒక్కటీ తిరిగి రాలేదండీ" అని ఒకరు, "ఆ అమ్మాయినే పంపండి" అని ఇంకొకరు. విన్నప్పుడల్లా ఒళ్ళు మండేది. ఆఖరికి తన సొంత పిల్లలు కూడా "పిన్నీ, పిన్నీ" అంటూ ఆ బల్ల చుట్టూనే తిరుగుతున్నారు.

ఇప్పుడేమో కొత్త షాపు. రెండు గదులు, ఆరు బల్లలు, అద్దాల తలుపు. దాన్ని ఎవరికి అప్పగించాలో తేలక, ఒక స్కూలుకి వెళ్ళాల్సిన ఇరవై కంప్యూటర్లని మావగారు ఇద్దరికీ చెరి పది పంచాడు. ఎవరివి తక్కువ పాడైతే వాళ్ళకే తాళాలు.

చలికాలం. తలుపు గొళ్ళెం ముట్టుకుంటే చురుక్కుమనే రోజులు. ఆ చురుకు మనిషికి చీమ కుట్టినంత. మెమరీ చిప్పుకి మాత్రం చావే. అందుకే బల్లకొక నీలం స్ట్రాపు. దాన్ని మణికట్టుకి చుట్టుకుని, దాని తీగని బల్ల కింది ఎర్తు బోల్టుకి తగిలించాలి. ఒంట్లో చేరిన కరెంటు ఎప్పటికప్పుడు నేలలోకి దిగిపోతుంది. స్ట్రాపు లేనిదే చిప్పుల డబ్బా మూత కూడా తియ్యనివ్వడు మావగారు.

ముందు రోజు సాయంత్రం అందరూ వెళ్ళాక షాపు సర్ది తాళం వేసింది పెద్ద కోడలే. రోజూ అది ఆమె పనే. ఆ రాత్రి చాలాకాలానికి కంటినిండా నిద్రపోయింది. పొద్దున్నే కొత్త ఊలు శాలువా కప్పుకుని, అప్పుడే తాళాలు చేతికొచ్చినంత ధీమాగా వచ్చి బల్ల ముందు కూర్చుంది. ఊలు ఒంటికి రాసుకుంటే కరెంటు పుడుతుందని ఆమెకి తెలియక కాదు. చేతికి స్ట్రాపు ఉండగా భయమేమిటి? రోజూ జారిపోయే స్ట్రాపు ఆ పూట బిగుతుగా పట్టింది కూడా. మంచి శకునమే అనుకుంది.

ఇప్పుడు ఆమె వంతు.

మొదటిది వెలిగింది. రెండోదీ వెలిగింది. మూడోది రెండుసార్లు కూసి ఆగిపోయింది. ఆరోది అసలు నోరే విప్పలేదు. తొమ్మిదోదీ అంతే. మూడింటిలోనూ పోయింది మెమరీయే.

"అదెలా పోతుంది?" పెద్ద కోడలు స్ట్రాపున్న చెయ్యి పైకెత్తి చూపించింది. "నేను స్ట్రాపు తియ్యనే లేదు మావయ్యా!"

మావగారు ఆమె స్ట్రాపు అందుకుని మీటరు పెట్టి చూశాడు. ముల్లు కదల్లేదు. కొక్కెం దగ్గర తొడుగు వెనక్కి లాగాడు. లోపల తీగ రెండు ముక్కలై ఉంది.

"ఇది అరిగి తెగింది కాదు. ఎవరో బ్లేడుతో కోశారు."

చిన్న కోడలు మెల్లగా ముందుకొచ్చింది.

"మావయ్యా, అది నా స్ట్రాపు."

"నీదా? మరి అక్క చేతికెలా వచ్చింది?"

"అక్కది సాగిపోయి జారిపోతోందని, పొద్దున్నే నాది అక్క బల్లకి తగిలించాను. చెబితే వద్దంటుందని చెప్పలేదు. అక్కది నేను పెట్టుకున్నాను." మణికట్టు చూపించింది. సాగిపోయిన స్ట్రాపు మీద రబ్బరు బ్యాండు రెండు చుట్లు చుట్టి ఉంది.

మావగారి ముఖం నల్లబడింది. "అంటే, తీగ తెగిన స్ట్రాపుని నీ చేత్తోనే తెచ్చి అక్కకి అంటగట్టావు."

"తెగిందని నాకు తెలీదు మావయ్యా!"

"నీ స్ట్రాపు. నీ బల్ల మీది స్ట్రాపు. నువ్వు కాక ఇంకెవరు కోస్తారమ్మా?"

చిన్న కోడలు అక్కడే ఉన్న తన భర్త వైపు చూసింది. అతను ముఖం తిప్పుకుని ఖాళీ డబ్బాలు సర్దసాగాడు.

మావగారు జేబులోంచి కొత్త షాపు తాళాలు తీసి పెద్ద కోడలి చేతిలో పెట్టాడు. "పదిహేనేళ్ళు కష్టపడ్డదానివి. నీకు పోటీ పెట్టడమే నా బుద్ధితక్కువ." తర్వాత చిన్న కోడలి వైపు తిరిగాడు. "నువ్వింక ఈ బల్లల ఛాయలకి రాకు."

చిన్న కోడలు ఏడుస్తూ పెద్ద కోడలి చెయ్యి పట్టుకుంది. "నేనలాంటిదాన్ని కాదని నీకు తెలుసు కదక్కా. నువ్వయినా చెప్పక్కా!"

పెద్ద కోడలు తాళాలు గట్టిగా పట్టుకుని నేల చూపులు చూసిందే తప్ప, నిన్న సాయంత్రం షాపు మూసే ముందు చిన్న కోడలి బల్ల దగ్గర కూర్చుని ఆ తీగ కోసింది తనేనని చెప్పలేదు.